నీలిదారం పొత్తిగుడ్డలు

ఆ వీధిలో అందరూ ఆవిణ్ణి కాజాలమ్మ అనే పిలుస్తారు. పెళ్ళికి ముందు నుంచీ మొన్నమొన్నటి దాకా దర్జీ కొట్లో ఓ మూల పీట మీద కూర్చుని చొక్కాలకి కాజాలు కుట్టిన మనిషి. ఎడమచేతి వాటం కాబట్టి కుట్టు కాస్త ఒరిగి ఉండేది. ఎన్ని చొక్కాలు కలిపేసినా ఆవిడ కుట్టిన కాజా ఏదో కొట్టు యజమాని ఇట్టే చెప్పేసేవాడు. కళ్ళు మసకబారాక సూది వదిలేసింది గానీ, నోరు మాత్రం సూదంత పదునుగానే ఉంది.

కూతురికి ఆడపిల్ల పుట్టిందనగానే రెండు చీరలు సంచిలో కుక్కుకుని వచ్చేసింది. అల్లుడు కొనిపెట్టిన డైపర్ల పెట్టెను చూసి మూతి తిప్పింది.

"ఇవి మీ ఆఫీసుకి పట్టుకెళ్ళి పంచిపెట్టండి బాబూ. నా మనవరాలికి గుడ్డే. ఆ అట్టముక్కలు కడితే పిల్ల తడిపిందో లేదో ఎలా తెలుస్తుంది?"

"తడి తెలియకుండా ఉండటానికేగా అత్తయ్యగారూ అవి!"

"తెలియాలి," అంది కాజాలమ్మ. ఆ మాట అనేటప్పుడు ఆవిడ నవ్వలేదు.

మర్నాటి నుంచి స్నానాలగది ఆవిడ రాజ్యమైపోయింది. మూలన మూతున్న బకెట్టు. విప్పిన పొత్తిగుడ్డ అందులో పడాలి. దొడ్డికి వెళ్ళినవైతే ముందు కుళాయి కింద దులిపి, సబ్బు రుద్ది వేరే నానబెట్టాలి. పొద్దున్నే అన్నిటినీ నలిపి ఉతికి, దానికోసమే కేటాయించిన పాత గిన్నెలో మరిగించి, జాడించిన నీళ్ళు మంచినీళ్ళలా తేటపడేదాకా జాడించాలి. ఆరిన ప్రతి గుడ్డనీ చెంపకి ఆనించి చూసేది. చేతికి తెలియని చెమ్మ చెంపకి తెలుస్తుందట. బకెట్టు బరువుగా ఉంటే ఆవిడకి పండగే. నడుం పట్టుకుని మూలుగుతూనే, "పోసింది నా తల్లి, కడుపునిండా తాగి పోసింది" అని మురిసిపోయేది.

ఇంతలో ముసురు పట్టుకుంది. ఇంట్లోనే తాళ్ళు కట్టారు. తల వంచకుండా హాల్లోంచి వంటింట్లోకి వెళ్ళే వీలు లేదు. ఆరీ ఆరని గుడ్డలన్నీ ఇస్త్రీపెట్టెతో ఆరబెట్టి ఉయ్యాల పక్కన దొంతరగా పెట్టడం అల్లుడి పని. పిల్ల కూడా వానకి ముడుచుకున్నట్టు పడి నిద్రపోతోంది. "ఎంత బుద్ధిమంతురాలో, ఏడుపన్న మాటే లేదు" అని పక్కింటావిడ చూసి మెచ్చుకుని వెళ్ళింది.

ఓ పొద్దున్న బకెట్లో తెల్లగుడ్డల మధ్య ఒకటి తేడాగా చేతికి తగిలింది. కొత్త గుడ్డ కాదు. ఉతికి ఉతికి మెత్తబడ్డ పాత పంచె ముక్క. అంచు చుట్టూ నీలిదారంతో కాజాకుట్టు. కుట్టు ఎడమకి ఒరిగి ఉంది.

కాజాలమ్మ దాని మీద వేలు పోనిచ్చింది. తన కుట్టే. గుడ్డ తడిగా ఉంది. వెచ్చగా కూడా ఉంది, ఇప్పుడే పిల్ల ఒంటి మీంచి తీసినట్టు.

కూతురి కంటే ముందు ఆవిడకో కొడుకు పుట్టాడు. భర్త పాత పంచెలు చింపి, కొట్లో మిగిలిన నీలిదారంతో రాత్రుళ్ళు అంచులు కుట్టింది. పగలంతా కాజాలు, వచ్చాక గుడ్డలు. నీళ్ళలో నాని వేళ్ళు పాచిపోయి సూది పట్టు దొరికేది కాదు. అలాంటి రోజుల్లో ఒకనాడు చూస్తే ఉతకాల్సినవి దాదాపు లేవు. హమ్మయ్య అనుకుంది. ఒళ్ళు తెలియకుండా పడుకుంది. మర్నాడూ అంతే. పిల్లాడూ పేచీ పెట్టలేదు. ఆ తర్వాతి పొద్దున వాడు కళ్ళు తెరవలేదు. ఒంట్లో నీళ్ళన్నీ ఇంకిపోయాయని చెప్పారు. కుట్టిన గుడ్డలన్నీ వాడి కిందా పైనా పరిచి మట్టిలో పెట్టేశారు. ఆ హమ్మయ్య సంగతి మాత్రం ఆవిడ కట్టుకున్నవాడికి కూడా చెప్పలేదు.

ఆ గుడ్డని ఉతికి తలుపు వెనక ఆరేసింది. కూతురి కంట పడనే పడింది.

"అమ్మా, ఎక్కడివే ఈ పాత గుడ్డలు? నా చిన్నప్పటివి మూటగట్టి తెచ్చావా? పాపకి కొత్తవి చాలు, అవి తీసేయ్."

"తీసేస్తాలే," అంది. సాయంత్రం తీయబోతే తాడు మీద అది లేదు.

మర్నాడు బకెట్టు మూత తీయగానే పైనే నీలి అంచులు కనిపించాయి. ఒకటి కాదు. కాజాలమ్మ కిందవి ఏమిటో చూడలేదు. కళ్ళు గట్టిగా మూసుకుని, చేతులకి తెలిసిన పని చేతులకే వదిలేసి ఉతికింది, మరిగించింది, తాడు మీద పడేసింది. బరువుకి చేతులు పీకుతున్నాయి. ఆ బరువే ఆవిడ ప్రాణానికి ఊరట. ఏదేమైనా పిల్ల బాగానే పోస్తోంది కదా అనుకుంది.

ఆ మధ్యాహ్నం అల్లుడు ఇస్త్రీకని వచ్చి ఉయ్యాల దగ్గర ఆగాడు.

"అత్తయ్యగారూ, నేను పెట్టిన దొంతర పెట్టినట్టే ఉందేంటి? ఇవి వాడటం లేదా?"

"వాడకపోవడమేంటి బాబూ? బకెట్టు నిండా..."

కాజాలమ్మ పరుగున వెళ్ళి, అప్పటికే మళ్ళీ నిండి ఉన్న బకెట్టుని నేల మీద బోర్లించింది. అన్నీ నీలి అంచులే. తెల్లది ఒక్కటీ లేదు.

"పాపకి గుడ్డ ఎప్పుడు మార్చావే?" అని అరిచింది.

మంచం మీంచి కూతురు తెల్లబోయి చూసింది. "నేనా? నువ్వేగా మారుస్తున్నావు! నేను చూసినప్పుడల్లా పొడిగానే ఉంది. బకెట్టేమో నిండుగా ఉంటోంది. ఇప్పుడే మార్చావేమో అనుకున్నాను."

"నువ్వు మార్చావని నేననుకున్నానే తల్లీ!"

పిల్ల గుడ్డ విప్పి చెంపకి ఆనించింది. ఎండకి ఆరిన దానిలా పొడిగా ఉంది. ఇస్త్రీ మడత కూడా చెదరలేదు. పిల్ల పెదవులు అంటుకుపోయి ఉన్నాయి. గిల్లినా ఏడవలేదు.

వానలో తడుస్తూనే ఆసుపత్రికి పరుగెత్తారు. పిల్లకి పాలు అందడం లేదని, పీల్చే ఓపిక కూడా లేక మగతలో పడిందని డాక్టరమ్మ చెప్పింది. "రేపు చూద్దాంలే అనుకుని ఉంటే..." అని, కూతురి మొహం చూసి మిగతాది మింగేసింది. సూది గుచ్చిన ఆ చిట్టిచెయ్యి పక్కన కూర్చుని కాజాలమ్మ తనలో తాను వెక్కివెక్కి ఏడ్చింది. పోయిన కొడుకు తనని హెచ్చరించడానికి వచ్చాడా? లేక బకెట్టు నింపి, కళ్ళు కప్పి, చెల్లెలి బిడ్డని తోడు తీసుకుపోదామని వచ్చాడా? కన్నతల్లికి రాకూడని ఆలోచన. అయినా వచ్చింది, పోనంటోంది.

పిల్ల ఇంటికొచ్చేసరికి ముసురు విడిచి ఎండ కాసింది. ఇప్పుడు కావాల్సినంత ఏడుస్తోంది, కావాల్సినంత తడుపుతోంది. నీలిదారం గుడ్డలు ఇంట్లో ఎక్కడా లేవు. "పారేశావా?" అని కూతురడిగితే ఊఁ అంది.

పొద్దున బకెట్టు బోర్లించింది. తెల్లగుడ్డలు తడిసి ముద్దగా, కంపుకొడుతూ పడ్డాయి. ఆవిడ కడుపు నిండిపోయింది. చివర్న, ఆ తడిగుడ్డలన్నిటి అడుగునుంచి, నీలి అంచు గుడ్డ ఒకటి తేలిగ్గా జారిపడింది. చెంపకి ఆనించింది. పొడి. చుక్క చెమ్మ లేదు.

ఇక రోజూ అంతే. అడుగున అదొక్కటి ఉంటుంది. కూతురు లేవకముందే కాజాలమ్మ దాన్ని విడిగా తీసి, ఒళ్ళో పెట్టుకుని, ఎవరికీ వినపడకుండా అడుగుతుంది:

"ఇవాళ కూడా తడపలేదా నాన్నా?"

తర్వాత సబ్బు అందుకుని, ఆ పొడిగుడ్డని అన్నిటికన్నా ముందు ఉతుకుతుంది.