బండి ఎక్కిన చోటు

మోకాళ్లకు కర్పూరం వేసి కాచిన నూనె రాసుకుంటున్నాను. ఆ ఘాటు ముక్కుకు తగిలితే చాలు, మా అక్క రాజవ్వ గుర్తొస్తుంది. వెనకే కోపం వస్తుంది. కోపం సంగతి తర్వాత. ముందు నేనెవరినో చెప్పాలి. ఏడేళ్ల వయసులో, కరీంనగర్ పక్కన మా ఊరి నుంచి వేములవాడ రాజన్న గుడిదాకా బండి చక్రమైనా ముట్టుకోకుండా కాలినడకన పోయిన మనిషిని. దారిలో పెద్దవాళ్లు కూలబడ్డారు, ఎద్దులు నురగలు కక్కాయి, నేను మాత్రం పాడుకుంటూ నడిచాను. ఈ సంగతి మొన్న ఆసిఫాబాద్‌లో మైకు పట్టుకుని మరీ చెప్పాను. జనం చప్పట్లు కొట్టారు.

ఆ మైకు నా చేతికి ఎందుకొచ్చిందంటే, అక్క చనిపోయినందుకు. అక్కను జైనూర్ అవతల ఒక ఊరికి ఇచ్చారు. బావ అక్కడ కిరాణా దుకాణం నడిపేవాడు. ఆ ఊరికీ రోడ్డుకూ మధ్య ఒక వాగు. దాని మీద వంతెన కోసం స్తంభాలు లేపి, పైన స్లాబు వేయకుండా వదిలేశారు. పోయిన ఏడాది శ్రావణంలో అక్కకు గుండెలో నొప్పి లేచింది. మంచం మీద పడుకోబెట్టి ఊరి మగవాళ్లు వాగుదాకా మోసుకొచ్చారు. వాగు నిండుగా పారుతోంది. అంబులెన్సు రాలేదని అనను, వచ్చింది. వచ్చి అవతలి ఒడ్డున నిలబడింది. అటు దాని లైటు తిరుగుతూనే ఉంది, ఇటు అక్క పోయింది. మర్నాడు నేను వెళ్లి, ఆ అంబులెన్సు నిలబడ్డ చోటనే నిలబడ్డాను. నీళ్లు తగ్గేదాకా అక్క ముఖం చూడలేకపోయాను. పలకరించడానికి వచ్చిన ప్రతివాడూ "ఆమె రాత గంతే" అన్నాడు. రాతట! రాసింది బ్రహ్మ అయితే ఊరుకుందును. ఈ రాత రాసినవాడికి ఆఫీసుంది, కుర్చీ ఉంది, ఎండాకాలంలో కూలరుంది.

అక్క కూతురు సరిత మంచిర్యాలలో టీచరు. పొద్దున్నే పరుగెత్తే ఒక గుంపులో ఉంటుంది. ఆ గుంపుతో కలిసి తల్లి పేరు మీద నడక పెట్టింది. ఆసిఫాబాద్ నుంచి ఆ వాగుదాకా, రెండు రోజులు. నడిచేవాళ్లు తమకు తెలిసినవాళ్ల దగ్గర, తాము నడిచిన ప్రతి కిలోమీటరుకూ ఇంత అని చందా తీసుకోవాలి. ఆ డబ్బుతో వానాకాలమంతా వాగు అవతల ఒక గదిలో నర్సునూ మందులనూ ఉంచుతారట. వినగానే నాకు ఒళ్లు మండింది.

"వంతెన కట్టనోళ్లను ఇడిసిపెట్టి మనం అడుక్కునుడేందే?"

"వాళ్లను గూడ అడుగుదాం మామా. వంతెన అయ్యేదాంక గుండెనొప్పి ఆగుతదా?"

"మీ అవ్వ పేరు మీద జోలె పడుతున్నవ్."

"పడుతున్న. నువ్వు నడుస్తవా, ఇంట్ల కూసొని ఒర్రుతవా?"

నడుస్తానన్నాను. అరవడం నడుస్తూ కూడా చేయొచ్చు.

బయలుదేరే చోట కట్టిన ఫ్లెక్సీ చూస్తే ఇంకా మండింది. జెండా ఊపడానికి వచ్చిన నాయకుడి ముఖం గుమ్మడికాయంత, మూలన మా అక్క ముఖం పోస్టు బిళ్లంత. ఆయన సేవాభావం గురించి చాలాసేపు చెప్పాడు. వంతెన మాట మాత్రం ఎత్తలేదు. నేను నిలదీశాననీ, ఆయన నోరు పడిపోయిందనీ మంచిర్యాల అంతా చెప్పుకుని తిరిగాను. నిజం వేరు. ఆయన నా భుజం మీద శాలువా కప్పాడు. నేను రెండు చేతులూ జోడించి వంగాను. తర్వాత మధ్యాహ్నందాకా ఆ శాలువాను తిట్టుకుంటూ నడిచాను. దిక్కుమాలినది, వెచ్చగానే ఉంది.

కెరమెరి ఘాట్ మొదట్లో మోకాలు పట్టేసింది. వెనక నీళ్ల డబ్బాలతో ట్రాక్టర్ వస్తోంది. సరిత ఎక్కడో ముందుంది. ఎవరూ చూడకుండా ట్రాలీ ఎక్కి డబ్బాల మధ్య కూర్చున్నాను. చల్లగాలి తగిలింది. హాయిగా అనిపించింది. సరిగ్గా ఆ హాయిలోనే అక్క గొంతు వినిపించింది.

ఇక్కడ ఒకటి ఒప్పుకోవాలి. మైకులో చెప్పింది సగమే. నాకు టైఫాయిడ్ వచ్చినప్పుడు, బతికితే కాలినడకన వేములవాడ పంపి రాజన్న గుడిలో కోడెను కట్టిస్తానని మా అమ్మ మొక్కుకుంది. తనకు చేతగాక, పద్నాలుగేళ్ల అక్కను తోడిచ్చి ఊరివాళ్ల వెంట పంపింది. సగం దారిలో నేను సామాన్ల బండి ఎక్కి గడ్డిలో దాక్కున్నాను. అక్క వెతికి వెతికి, కాలు పట్టి కిందికి గుంజింది.

"యాడ ఎక్కినవ్‌రా?"

"గా చింతచెట్టు కాడ."

"నడువు గక్కడిదాంక. మల్ల ఆణ్నుంచి నడువాలె."

"రాజన్న సూశిండా ఏంది?"

"రాజన్న సంగతి రాజన్నకెరుక. నేను సూశిన. మొక్కు కాళ్లతోని తీరుతది, నోటితోని తీరదు."

చింతచెట్టుదాకా వెనక్కి నడిపించి, మళ్లీ అక్కడి నుంచి గుడిదాకా నడిపించింది. ఏడ్చినా వదల్లేదు. గుడి చేరాక నా కాళ్లు ఒళ్లో పెట్టుకుని కర్పూరం నూనె రాసింది. తర్వాత నేను కరెంటు మీటర్ల రీడింగు తీసే ఉద్యోగంలో చేరాను. నీడపట్టున కూర్చుని అంకెలు వేసేవాళ్లు నా తోటివాళ్లలో ఉన్నారు. నేను కూర్చోబోతే "యాడ ఎక్కినవ్‌రా" అని వినపడేది. లేచి ఇల్లిల్లూ తిరిగాను. మే నెలలో ఒకటి రెండుసార్లు కూర్చున్నాను, అది లెక్కలోకి రాదు.

ట్రాక్టర్ ఆపమన్నాను.

"ఎక్కుడెందుకు, దిగుడెందుకు తాతా? ఎండ కొట్టిందా?" అన్నాడు డ్రైవర్.

నేను ఎక్కిన మలుపుదాకా కిందికి దిగి, మళ్లీ పైకి నడిచాను. నేను ట్రాలీలో కూర్చున్న దూరానికి కూడా ఎవరో నన్ను నమ్మి అక్క పేరున చందా ఇస్తున్నారు. అడుగడుక్కీ అక్కను నోటికొచ్చినట్టు తిట్టాను. నన్ను ఇంత సతాయించినదానివి, ఆ స్తంభాలు లేపినవాణ్ని ఒక్కనాడన్నా కాలు పట్టి గుంజలేకపోయావా అన్నాను. అక్క ఉంటే చెప్పేది ఏదో ఒకటి. లేదు కదా, నా తిట్లు నేనే విన్నాను.

రెండో రోజు సాయంత్రానికి వాగు చేరాం. చీలమండలు తడవని నీళ్లు. మాతో నడిచిన ఒకాయన బూట్లు చేతిలో పట్టుకుని దాటుతూ, "గీ నీళ్లకేనా మనిషి పోయింది?" అన్నాడు. నా చెయ్యి లేచింది. సరిత పట్టుకుంది.

"శ్రావణంల రా అన్నా, సూపిస్త," అంది ఆయనతో. గొంతు పెంచలేదు. నాకైతే ఆ స్తంభాలకు తల కొట్టుకోవాలనిపించింది. అవి కూడా ఎవరో మైకులో మొక్కిన మొక్కే. సగంలో బండి ఎక్కి పోయారు. ఎక్కిన చోటికి వాళ్లను వెనక్కి నడిపించే అక్క ఎవరికీ లేదు.

నర్సు గది తెరిచే రోజు చదువుదామని ఇదంతా రాసి, నిన్న సరితకు వినిపించాను. తల ఊపుతూ చివరిదాకా విన్నది.

"మంచిగనే రాసినవ్ మామా. చింతచెట్టు కాడికెల్లి మల్ల నడిచిన్నని రాసినవ్ సూడు, గది అబద్ధం."

"నాకు యాదికున్నది."

"నీకేం యాదికుంటది? నిద్రపోతివి. మా అవ్వ చెప్పింది నాకు. టైఫాయిడ్ పడి లేశినోనివి, చీపురుపుల్ల లెక్క ఉంటివట. చింతచెట్టు కాడ కూలబడి ఏడిస్తే, నిన్ను ఈపున ఏసుకొని గుడిదాంక అవ్వనే నడిచింది. ఎక్కిన కాడికి పోయి మల్ల నువ్వు నడిచింది మొన్న ఘాట్లనే. గదే మొదటిసారి."

"మరి కర్పూరం నూనె?"

"గది ఆమె కాళ్లకు రాసుకున్నది మామా. నీ కాళ్లకేమైందని రాస్తది?"