రెండుముక్కల మేడం చదవకూడని ఫైలు

ఆఫీసులో అందరూ ఆమెను చాటున రెండుముక్కల మేడం అనేవాళ్ళు. ఆ సంగతి ఆమెకు తెలుసు. ఆమెకు తెలుసని వాళ్ళకే తెలియదు.

అదొక చిన్న లిబరల్ ఆర్ట్స్ కాలేజీ. డాక్టర్లనో ఇంజనీర్లనో తయారుచేసే చోటు కాదు. అక్కడ సాహిత్యం చదివేవాళ్ళు నక్షత్రాల గురించీ చదవాలి, రసాయనశాస్త్రం చదివేవాళ్ళు చరిత్రా చదవాలి. సీట్లు నాలుగు వందల లోపు, అప్లికేషన్లు నాలుగు వేల పైన. పదకొండు మందిలో పదిమందికి లేదని చెప్పడమే అడ్మిషన్ల ఆఫీసు పని. మార్కులూ, పిల్లలు తమ గురించి రాసుకున్న వ్యాసమూ, టీచరు సిఫారసు ఉత్తరమూ ఉన్న ఒక్కో ఫైలునూ మొదట ఒకరు చదివి, ఒకటి నుంచి ఐదు దాకా ఏదో ఒక అంకె వేసి, కింద అభిప్రాయం రాయాలి. మిగతావాళ్ళు అరపేజీ నింపితే, ఈవిడ రెండే వాక్యాలు రాసి కలం మూసేది. "మార్కులు అబ్బాయివి. వ్యాసం వాళ్ళ నాన్నది." "తెలివైన పిల్ల. తనకు తెలియనిది ఇంకా ఎదురుపడలేదు." ఆవలిస్తే పేగులు లెక్కపెట్టే మనిషని పేరు. కొండెక్కి జీవితసత్యం తెలుసుకున్న పిల్లల వ్యాసాలు వరసగా వస్తుంటే, "ఇలా ఎక్కితే కొండలు అరిగిపోవూ!" అని గొణుక్కునేది. పక్కబల్లల వాళ్ళు నవ్వేవాళ్ళు. ఆమె మాత్రం నవ్వేది కాదు.

అంతకుముందు ఇరవై ఆరేళ్ళు బడిలో జీవశాస్త్రం చెప్పింది. పెళ్ళి మొదట కుదరలేదు, తర్వాత ఆమే కుదరనివ్వలేదు. రిటైరయ్యాక ఈ పనిలో చేరింది. ఏడాదికి నాలుగు నెలలే పని. ఆ నాలుగు నెలలూ రోజుకు పాతికమంది పిల్లలు పరిచయమయ్యేవారు. ఎవరికి నత్తో, ఎవరి తాతయ్య ఎప్పుడు పోయాడో, ఎవరు వాన వస్తే భయపడతారో ఆమెకు తెలుసు. ఈమె ఒకతె ఉన్నట్టు వాళ్ళలో ఒక్కరికీ తెలియదు. మిగతా ఎనిమిది నెలలూ మూడో అంతస్తులో రెండు గదులు. గోడకు అవతల పక్కింటివాళ్ళ వాషింగ్ మిషన్. అది తిరుగుతున్నంతసేపూ ఇంట్లో ఎవరో మసలుతున్నట్టు ఉండేది.

ఫైలు చదవడంలో ఆమెకొక పద్ధతి ఉంది. ముందు వ్యాసం, తర్వాత మార్కులు, ఆఖరున పేరూ ఇంటి వివరాలూ. ముందే ఇల్లూ వాకిలీ తెలిస్తే చదివే కళ్ళకు రంగు అంటుకుంటుందని ఆమె నమ్మకం.

ఆరో ఏడు, ఒకరోజు పొద్దున పదకొండింటికి తెరిచిన ఫైల్లో ఒక అమ్మాయి వాళ్ళమ్మకు జుట్టు తీసేసిన సంగతి రాసింది. వైద్యం మొదలయ్యాక పాయలు పాయలుగా రాలుతుంటే, మొత్తం తీసెయ్యమని తల్లే కత్తెర చేతికిచ్చిందట. కన్నీళ్ళ ఊసు లేదు. కత్తెర ఎలా పట్టుకోవాలో, మెడ దగ్గర చర్మం ఎంత పల్చగా ఉంటుందో రాసింది. మేడం మనసులో అప్పుడే నాలుగు వేసేసింది. తర్వాతి పేరా ఇలా ఉంది:

"ఎడమ చెవి వెనక పాత మచ్చ బయటపడింది. ఏమిటని అడిగాను. చిన్నప్పుడు ఎవరో వెంటపడితే పరిగెత్తి గేటుకు గుద్దుకున్నాను అంది అమ్మ. ఎవరో అంది. మా ఇంట్లో కొందరికి పేర్లుండవు."

చేతిలో పెన్సిలు ఆగిపోయింది. ఆ గేటు ఆకుపచ్చది. వెంటపడింది తనే, తనకప్పుడు పన్నెండేళ్ళు. పేజీ తిప్పి తల్లి పేరున్న గడి చూసింది. చెల్లెలి పేరు.

అక్కచెల్లెళ్ళకు మాటలు లేక ఎనిమిదేళ్ళు. గొడవ గోరంత. తొమ్మిదేళ్ళ కూతురు వేసిన గుర్రం బొమ్మకు చెల్లెలు ఫ్రేము కట్టించి గోడకు తగిలించి, ఎలా ఉందని అడిగింది. "బాగానే ఉంది. ఈ వయసులో పిల్లలందరూ ఇలాగే వేస్తారు" అంది అక్క. పిల్ల తలుపు వెనకే ఉంది. "దీనిక్కూడా మార్కులేశావా!" అంది చెల్లెలు. అది చిలికి చిలికి గాలివాన అయింది. తర్వాత ఆవిడే ఫోన్ చేస్తుందని ఈవిడా, ఈవిడే చేస్తుందని ఆవిడా. బిగుసుకున్న మూతలా ఆ పంతం అలాగే ఉండిపోయింది. ఈలోగా చెల్లెలికి అంత జబ్బు చేసింది. ఆ కబురు ఆమెకు ఒక అప్లికేషన్‌లో తెలిసింది.

బంధువుల ఫైలు చేతికొస్తే వెంటనే అప్పగించాలి. అది ఆఫీసు నియమం. ఆమె వ్యాసం ఇంకోసారి మొదటినుంచీ చదివింది. అప్పుడు లేచి డైరెక్టరు గదిలోకి వెళ్ళింది.

"ఇది నా దగ్గర ఉండకూడదండీ. మా చెల్లెలి కూతురిది."

డైరెక్టరు తలెత్తి చూశాడు. "మీకు చెల్లెలుందా మేడం?"

"ఉంది."

"చదివారా?"

"చదివాను. చివర్లో గానీ తెలీలేదు."

"సరే, ఇంకొకరికిస్తాను. ఇక దీని ఊసు మీరు ఎత్తకూడదు. కమిటీ ముందుకు వచ్చినప్పుడు బయటికి వెళ్ళాలి. ఇంట్లోవాళ్ళతో కూడా…"

"వాళ్ళతో నాకు మాటల్లేవులెండి" అంది.

అంకె వెయ్యకూడదు గానీ, లెక్క వెయ్యకుండా మనసును ఆపడం ఎవరి తరం? బస్సులో కూర్చుని అదే పని. సీటు వచ్చే అవకాశం ఉత్తలెక్కన పదకొండింట ఒక వంతు. ఆ వ్యాసంతో నాలుగింట ఒకటి. కానీ ఇంటర్ రెండో ఏడు మార్కులు ధబాలున పడ్డాయి. జుట్టు రాలిందీ ఆ నెలల్లోనే. టీచరు తన ఉత్తరంలో ఆ ముక్క రాయలేదు. చదివేవాళ్ళు ఆ రెండు తేదీలూ పక్కపక్కన పెట్టి చూస్తే పిల్ల గట్టెక్కుతుంది, చూడకపోతే లేదు.

నాలుగు రోజుల తర్వాత, ఫైళ్ళు చదవడానికి నిరుడే చేరిన అమ్మాయి టీ దగ్గర ఆమెను పట్టుకుంది.

"మేడం, ఒక ఫైల్లో రెండో ఏడాది మార్కులు ఉన్నట్టుండి పడిపోయాయి. టీచరేమో ఏమీ రాయలేదు. మీరైతే ఏం చేస్తారు?"

అది ఆ ఫైలో కాదో ఆమెకు తెలియదు. మార్కులు పడిపోయిన పిల్లలు ఏటా వందమంది ఉంటారు. 'తేదీలు చూడు' అంటే చాలు, రెండే ముక్కలు. అడకత్తెరలో పోకచెక్కలా నిలబడింది.

"నన్నడక్కమ్మా. డైరెక్టరు గారినడుగు" అని, టీ తీసుకోకుండానే తన బల్ల దగ్గరికి వెళ్ళిపోయింది. ఆ అమ్మాయి చిన్నబుచ్చుకుంది. ఆ తర్వాత మరెప్పుడూ ఆమెను సలహా అడగలేదు.

కమిటీ రోజున ఆమె వరండాలో కుర్చీ వేసుకుని కూర్చుంది. మామూలుగా ఒక్కో ఫైలుకు మూడు నిమిషాలు. ఆ ఫైలుకు ఏడు పట్టింది. లోపలికి పిలిచాక ఎవరి ముఖమూ ఆమె చూడలేదు.

సీటు రాలేదు. ఫలితాలు పంపిన రోజున జాబితాలో ఆ పేరు కోసం రెండుసార్లు వెతికింది. ఎవరూ తప్పు చెయ్యలేదు. తను ఆరేళ్ళుగా ఎన్ని ఫైళ్ళకు ఇలాగే మూడు వేసి పక్కన పెట్టిందో!

ఆ ఆదివారం పొద్దున్నే ఫోన్ చేసింది. నంబరు మారలేదు.

"ఎవరండీ?"

"నేనే."

"నీ గొంతు మారిపోయిందక్కా" అంది చెల్లెలు.

"ఒంట్లో ఎలా ఉందే?"

"నీకెవరు చెప్పారు?" అని, తనే అందుకుంది. "ఓహో. పిల్ల అక్కడా అప్లికేషన్ వేసిందిగా. వద్దంటే వింటేనా! నువ్వక్కడున్నావని ఎవరి దగ్గరో విందట, పెద్దమ్మ చదువుతుందేమో అంది."

మేడం గోడకు ఆనుకుంది.

"నేను చూడకూడదే. రూలు. వేరేవాళ్ళకి ఇచ్చేశాను."

"ఇచ్చేసే ఉంటావులే. నీ సంగతి నాకు తెలీదూ!" ఆ మాటలో కోపం లేదు. దగ్గరితనమూ లేదు. "ఇప్పుడు నయమేలే. జుట్టు కూడా వచ్చింది. పిల్లకి ఇక్కడే, రెండు స్టాపుల అవతల కాలేజీలో దొరికింది. నాకూ అదే మేలయింది."

"దానికోసారి ఇస్తావా?"

అవతల గుసగుసలు. "తర్వాత చేస్తానంటోందక్కా."

పిల్ల చెయ్యలేదు. చెల్లెలే నెలకో రెండు నెలలకో చేస్తూ వచ్చింది. మందులు, వాతావరణం, మోకాళ్ళు, అంతే మాటలు. ఎనిమిదేళ్ళ సంగతి ఇద్దరూ ఎత్తలేదు.

మరుసటి ఏడు చెల్లెలికి పరీక్షలు చేసే రోజున, అడగకుండానే బస్సెక్కి ఆసుపత్రికి వెళ్ళింది. వరండాలో ప్లాస్టిక్ కుర్చీల వరస. చెల్లెలి పక్కన పొడుగ్గా ఎదిగిన పిల్ల లేచి, "నమస్తే పెద్దమ్మా" అని మళ్ళీ కూర్చుంది. తన బ్యాగు తీసి తనకూ మేడంకూ మధ్య ఖాళీ కుర్చీలో పెట్టింది.

"ఏం చదువుతున్నావమ్మా?"

"నేలలు, రాళ్ళు. వాటి గురించి."

"ఇష్టమేనా?"

పిల్ల భుజాలు కదిపింది. మేడం ఇంకేదో అడగబోయింది. ఏ ప్రశ్న చూసినా ఇంటర్వ్యూ ప్రశ్నలాగే ఉంది.

నర్సు వచ్చి పిలిచింది. "తోడు ఒక్కరే రావాలి" అంది. పిల్ల తల్లి చెయ్యి పట్టుకుని లేచింది. తలుపు దాకా వెళ్ళి వెనక్కి తిరిగింది.

"బ్యాగు చూస్తుండండి పెద్దమ్మా."

"చూస్తానమ్మా" అంది ఆమె. తలుపు మూసుకుంది. ఇద్దరూ తిరిగొచ్చేసరికి గంటపైనే పట్టింది. అంతసేపూ ఆమె బ్యాగున్న ఆ కుర్చీ మీద చెయ్యి వేసుకుని, అక్కణ్ణించి కదలలేదు.