మేత బస్తాలున్న పడకగది

గుండుగొలను అవతల మాకు చేపల చెరువుంది. మేత దాచే షెడ్డు చెరువు గట్టు మీదే. ఒకప్పుడు వర్షాకాలం నాలుగు నెలలూ జాగ్రత్తపడితే సరిపోయేది. ఇప్పుడు కొల్లేరు మీద వాన ఎప్పుడు పడుతుందో చెప్పే మొనగాడు లేడు. మామిడి పూత మీద కూడా పడుతోంది. నిరుడు అలాంటి వానకే సగం తవుడు బస్తాలు తడిసి ముద్దయ్యాయి. నాకు ఒళ్లు మండిపోయింది. మిగిలినవి ఇంటికి తెచ్చి మా పడకగదిలో పేర్పించాను. మా ఇంట్లో స్లాబు ఉన్నది ఆ గదికే.

“తా దూర కంత లేదు, మెడకో డోలు అన్నట్టుందండీ!” అని మా ఆవిడ నవ్వింది. మంచానికీ బస్తాలకీ మధ్య పక్కకు తిరిగి నడవాల్సి వచ్చేది పాపం. మేతకు తేమ తగలకూడదని కిటికీలు నేనే బిగించాను.

వాన వెలిసినా ఉక్క వదల్లేదు. గోడలు చెమర్చాయి, గదంతా ముక్కిపోయిన వాసన. నెల తిరిగేసరికి ఆవిడకు దగ్గు పట్టుకుంది. శొంఠి కషాయానికి లొంగలేదు. తర్వాత ఆయాసం, ఊపిరి తీస్తే పిల్లికూతలు.

“ఏవండీ, ఆ బస్తాలు తీయించెయ్యండి. అవొచ్చాకే నాకిలా అవుతోంది.”

“చాల్లే! వానలకి దగ్గు రాదా ఏంటి? బయట పెడితే మేతంతా పాడైపోతుంది,” అని కసిరాను. నా నోరు పడిపోనూ! ఆవిడ మళ్లీ ఆ మాటెత్తలేదు.

ఏలూరులో డాక్టరు ఎక్స్‌రే చూసి, “ఇంట్లో చెమ్మ, బూజు ఏమైనా ఉన్నాయాండీ?” అని అడిగాడు.

“అబ్బే, మా ఇల్లు శుభ్రంగా ఉంటుందండీ,” అన్నాను. మా ఆవిడ నాకేసి చూసి, కొంగు అడ్డం పెట్టుకుని దగ్గింది.

మర్నాడు పొద్దున మేత తీసుకెళ్లడానికి పనివాడొచ్చాడు. అడుగు వరస బస్తా లాగితే, గోడ వైపంతా పచ్చగా బూజు. మూతి విప్పగానే గుప్పున పొడి లేచింది.

“ఆగరా బాబూ! అది వెయ్యకు. బూజు పట్టిన మేత తింటే చేపలు చచ్చిపోతాయి!” అని అరిచాను.

మా ఆవిడ దిండ్లకు ఆనుకుని మంచం మీదే కూర్చుని ఉంది.

“నేను దాని పక్కనే కదండీ పడుకుంటున్నాను,” అంది, మాట మాటకీ ఆగుతూ.

సిగ్గుతో చచ్చిపోయాను. ఆ గంటలోనే బస్తాలన్నీ బయట పారేయించి, కిటికీలు బార్లా తీశాను. ఊపిరితిత్తులు మాత్రం ఇక మునుపటిలా అవవని డాక్టరు చెప్పేశాడు.

నిన్న మళ్లీ మబ్బు పట్టింది. గట్టు మీద షెడ్డులో కొత్త మేత బస్తాల మీద పట్టా కప్పించి ఇంటికొచ్చేసరికి, మా ఆవిడ పడకగది గుమ్మానికి అడ్డంగా కుర్చీ వేసుకుని కూర్చుంది. నన్ను చూసి కూడా లేవలేదు.