కుర్చీ వెనక లైసెన్సు

వీధిలో అందరూ ఆమెను సూదులమ్మ అంటారు. ఆ పేరు వింటే ఆమెకు ఒళ్ళు మండుతుంది. నాలుగేళ్ళ ఆక్యుపంక్చర్ చదువు, గురువుల కళ్ళ ముందు వెయ్యి గంటల సాధన, ఆపైన ప్రాణం తోడేసిన లైసెన్సు పరీక్ష. ఇదంతా సూదులమ్మ అనిపించుకోవడానికా? అందుకే లైసెన్సుకు పటం కట్టించి, సరిగ్గా తన కుర్చీ వెనక, తలకు కాస్త ఎగువన తగిలించింది.

ఆ రోజు పొద్దున్నే తలనొప్పి. నడినెత్తిన తనే ఒక సూది గుచ్చుకుంది. తీసేలోపే నడుం పట్టేసిన దర్జీ తలుపు తట్టాడు.

"భయం లేదు కదమ్మా?"

"భయమెందుకు? గుచ్చిన సూదులన్నీ లెక్కపెట్టి తీయడం మా చదువులో మొదటి పాఠం. అందులో నాకు నూటికి నూరు."

దర్జీ ఆమె తల పైకి చూస్తూనే పడుకున్నాడు. తర్వాత వచ్చిన టీచరమ్మ కూడా అటే చూసింది. సాయంత్రం దాకా వచ్చినవాళ్ళందరి చూపూ అటే. పటం చోటు భలే కుదిరిందని ఆమె లోలోపల మురిసిపోయింది.

ఇంట్లో అత్తగారికి మోకాళ్ళ నొప్పులు. అయినా కోడలి సూదిని దగ్గరికి రానివ్వదు. ఆ సాయంత్రం కోడల్ని ఎగాదిగా చూసి, "ఇలా వంగు," అంది. నెత్తి మీది సూదిని రెండు వేళ్ళతో లాగి, ఆమె అరచేతిలో పెట్టింది.

"ఎన్నేళ్ళు చదివావే?"

"నాలుగేళ్ళు, అత్తయ్యా."

"తీయడం అయిదో ఏడు చెబుతారు కాబోలు."