తునికాకు రోజుల్లో కీళ్ళ వాపు

చికున్‌గున్యా జ్వరం వానాకాలంలోనే పోయింది. నొప్పి మాత్రం వేసవి దాకా నా వేళ్ళలోనే మకాం పెట్టింది. పొద్దున లేస్తే పిడికిలి బిగుసుకోదు. ఇంటిపని ఎలాగోలా నడిచేది. నా బెంగంతా బీడీలు చుట్టే తునికాకు మీదే. వాడలో ఆడవాళ్ళతో కలిసి మళ్ళీ ఆకుకోతకు పోగలనా లేదా అన్నదే నా దిగులు.

మా వదిన ఊరుకునే మనిషి కాదు. మా ఊరు ఎర్రబోరు వైపు జ్వరమొస్తే ఎర్రచీమల గూడు తెచ్చి ఒంటి మీద దులుపుతారు, అవి కుడితే జ్వరం దిగుతుందని. కీళ్ళనొప్పికీ అదే మందనుకుంది మహాతల్లి.

"కదలకే! కుట్టనియ్యి, నొప్పిని గుంజేస్తయ్."

"ఓయమ్మో! నా పానం గుంజుతున్నయ్ వదినా!"

మణికట్లు బూరెల్లా పొంగాయి. ఆమె కంగారుగా ఊదుతుంటే ఏడుస్తూనే నవ్వాను.

జగదల్‌పూర్‌లో నర్సింగ్ చదివే మేనకోడలు సెలవులకొచ్చి, నా చేతులు చూసి తల పట్టుకుంది. "ఉన్న వాపు చాలలేదా అత్తా?" అంది. వైరస్ సోకిన చోట కణాలు కీమోకైన్లనే చిన్న ప్రోటీన్లను వదులుతాయట. అదే పిలుపనుకుని, వాటి జాడ పట్టుకుని తెల్లరక్తకణాలు అక్కడికి చేరతాయి. వైరస్‌ను తరమాలంటే అవి రావాలి. కానీ కొందరికి జ్వరం పోయాక కూడా కీళ్ళలో ఆ పిలుపు ఆగదు, వాపూ పోదు. చీమలు కుట్టిన చోటికీ కణాలు అలాగే పరిగెత్తుకొస్తాయట.

"ఎప్పుడాగుతదే?"

"చెప్పలేం అత్తా. చానామందికి మెల్లగ తగ్గుతది."

నా ఒంటి మీద నాకే ఒళ్ళు మండింది. ఎవరినీ పిలవద్దు మొర్రో అంటే వినదే!

కోత మొదలైంది. మా వాడలో ముందు లేచిన మనిషి ప్రతి గడప ముందూ కేకేయాలి, అందరూ కలిసి అడవికి పోవాలి. తెల్లారకముందే కొప్పు ముడేసుకుని గడప మీద కూర్చున్నాను. ఆ కేక వినాలని ఎంత ఆశగా ఉందో!

వదిన, మిగతా ఆడవాళ్ళు వచ్చారు. నాకు అలికిడి కాకూడదని చెప్పులు చేత్తో పట్టుకున్నారు.

"ఏంది వదినా, నన్ను పిలవవా?"

ఉలిక్కిపడి ఆగింది. "నీ చేతులు అట్లున్నయ్ గదే..."

"ఆకు తెంపను. మీ పక్కన కూసుంటా. మీతోటి ఉండాలనుంది వదినా."

"అడవిల నడవాలె. బాగైనంక పోదాంలే," అని నా చెంప నిమిరింది.

మా ఇల్లు దాటాక చెప్పులు తొడుక్కున్నారు. పక్కింటి ముందు నిలబడి వదినే గొంతెత్తింది.

"లెవ్వే, ఎండెక్కుతది! నీ కోసమే ఆగినం!"