చెరుకు గట్టు మీద కసరత్తు నేర్పిన నా బిడ్డ

నా బిడ్డ పోయింది. సోమవారం పొద్దున నిజామాబాద్ దవాఖాన నుంచి ఫోన్ వచ్చింది. జ్వరమని తీసుకుపోయిన పిల్లను బండిలో పడుకోబెట్టి రుద్రూర్‌కు తెచ్చారు. ఏడ్చి ఏడ్చి అలసిపోయాను. చదువు తక్కువదాన్ని, తోచినట్టు రాస్తున్నాను.

అది మోకాళ్ల నొప్పుల వాళ్లకు కసరత్తు నేర్పే పని చేసేది. నేను చర్చిలో మోకరిస్తే నా అంతట లేవలేకపోయేదాన్ని. ఇద్దరు రెక్కలు పట్టి లేపేవారు. నాకు సిగ్గయ్యేది. ఒక ఆదివారం నా బిడ్డ అది చూసింది. మర్నాడు డ్యూటీకి పోయే ముందు నన్ను చెరుకు చేను గట్టుకు తీసుకుపోయింది.

"రోజంత చేన్ల పనే చేస్త గదా. మళ్ల గీ కసరత్తేందే?" అన్నాను.

"పనిల ఒంగుడే ఉన్నదవ్వా, లేసుడు లేదు. కాళ్లల్ల కండ కరిగిపోతే ఎట్ల? నిన్ను లేపనీకి రోజు నేను రావాల్నా?"

వేపచెట్టు పట్టుకుని కూర్చోవడం, లేవడం. గట్టు ఎక్కడం, దిగడం. మొదట మమ్మల్ని చూసి నవ్విన చుట్టుపక్కల ఆడవాళ్లే తర్వాత మాతో కలిశారు. చెరుకు కోతలప్పుడు పచ్చి ఆకు మోపులు కట్టించి, ఎత్తి దించమంది. పక్కింటి అక్క మోపు నెత్తికెత్తుకుని తిన్నగా ఇంటిదారి పట్టింది. వెనకాలే అందరూ!

"అగో, దించుమన్న గదా పెద్దమ్మా!"

"నెత్తికెక్కిన మోపును ఉత్తగనే దించుతరా పిల్లా? బర్రె ఎదురుసూస్తున్నది!"

నా బిడ్డ గట్టు మీదే కూలబడి నవ్వింది. "సరే, బర్రె కాడికే మోయుండ్రి. దించేటప్పుడు మాత్రం మోకాళ్లు వంచుండ్రి, నడుము కాదు" అంది.

ఎవరినీ గద్దించేది కాదు. లేవలేని వాళ్ల పక్కన తానూ కూర్చుని, వాళ్లతోపాటే మెల్లగా లేచేది. "తొందరేం లేదు" అనేది.

మట్టి చేసిన మూడో రోజు సమాధి దగ్గర ప్రార్థన పెట్టారు. మోకరించాను. ప్రార్థన అయ్యాక అందరూ లేచారు. నాకు లేవబుద్ధి కాలేదు. ఇంకెందుకు లేవాలి అనిపించింది. పక్కింటి అక్క వంగి చెయ్యి చాపింది.

"లే చెల్లె, నన్ను పట్టుకో."

"వద్దక్కా. జర ఆగు."

చేతులు తడి మట్టిలో ఆనించి, ఒక కాలు ముందుకు పెట్టాను. నా బిడ్డ నేర్పినట్టే ఆ మోకాలి మీద అరచెయ్యి అదిమి, ఊపిరి వదులుతూ లేచాను. ఎవరూ పట్టుకోలేదు.

ఇంటికొచ్చి చూసుకుంటే, తెల్లచీర మీద మోకాలి దగ్గర నా అయిదు వేళ్ల మట్టి అచ్చు. చీర దండెం మీద వేశాను. ఇంకా ఉతకలేదు.