మాయమ్మ కుడిచెయ్యి

నిన్న వానలో నీ పట్టుచీర తడిసి, వరండాలో కుర్చీ మీద ఆరేస్తివి సూడు పాపా, ఆ తడిపట్టు వాసనకు నేను చేతిలో కాపీ చల్లారిపోయేది కూడా తెలీకుండా అట్లే కూసుంటి. నువ్వేమో ముక్కు మూసుకుంటివి. నాకు మాత్రం అది మాయమ్మ వాసన. రాసుకో, చెప్తా. మద్దెలో ఏమన్నా అడగాలంటే అడుగు, కానీ తొందరపెట్టొద్దు. వరస తప్పితే మళ్లీ మొదట్నుంచి చెప్పాల్సొస్తాది.

ధర్మవరంలో మాది మగ్గాల వీధి. తెల్లారేసరికి ఆ కొస నుంచి ఈ కొస దాకా వీధిలో పడుగు పరిచి, ఆడోళ్లు మగోళ్లు ఆపక్క ఈపక్క నిలబడి తెగిన పోగులు ఏరి ఏరి అతకతాంటే, మేం పిల్లోళ్లం పడుగు కిందనే దూరి అచ్చనగండ్లు ఆడుకుంటాంటిమి. పైన ఎర్రపట్టు, పచ్చపట్టు, దాంట్లోంచి దిగే ఎండ కూడా రంగురంగులుగా మా చేతుల మీద పడతాండె. ఎవరన్నా తల తగిలిస్తే చాలు, పైనుంచి ఒక మొట్టికాయ. చెనిక్కాయల కాలమొస్తే వీధంతా వేయించిన కాయల వాసన, పొద్దున సంగటిలోకి ఊరిబిండి పచ్చడి, ఉగాదికి ఓళిగలు, పీర్ల పండగకి మిరియాలేసిన బెల్లం పానకం. మా నాయన గుంటమగ్గంలో దిగితే ఎండ నడినెత్తికొచ్చే దాకా పైకి రాడు. మాయమ్మ పని పట్టును సోడా నీళ్లల్లో ఉడికించేది, పెరట్లో దండెం మీద ఆరేసేది, రాట్నం మీద చుట్టేది. ఆయమ్మ చుట్టిన కండెలో పోగు తెగదని వీధంతా చెప్పుకుంటాండ్రి. దానికి మాయమ్మ పైకి ఏమీ అనదు గానీ, ఆ పొద్దు కొంచెం ఎత్తుగా నడుస్తాండె.

ఇంగ ఆయమ్మకు ఇద్దరు స్నేహితురాండ్లు. ఒకరు పక్కింటి నాగమ్మక్క. మగ్గం నేసే మనిషి, నోరు పెద్దది, నవ్వితే మా పెరట్లో కోళ్లు బెదురుతాండె. ఇంగొకరు హుసేన్‌బీ. బుట్ట నెత్తిన పెట్టుకొని వీధివీధి తిరిగి గాజులు అమ్మతాండె. మాపటేళ అయితే ముగ్గురూ మా పెరట్లోనే. హుసేన్‌బీ వక్కాకు నూరేది, నాగమ్మక్క ఊర్లో వాళ్ల మాదిరి మాట్లాడి చూపించేది, మాయమ్మ రాట్నం తిప్పతానే నవ్వేది.

తెల్లోళ్ల యుద్ధం జరగతాండే కాలమది, కిరసనాయిలు కూడా దొరికేది కాదు. ఒక పొద్దు హుసేన్‌బీ మాయమ్మకు గాజులు తొడగతా, బిర్రుగా ఉండాయని మోచెయ్యి పట్టుకొని పైకెత్తె. మాయమ్మ అబ్బా అని చెయ్యి లాక్కునె. హుసేన్‌బీ లేచి, మాయమ్మను లోపలికి పిల్చుకోని పోయి తలుపు వేసె. బయటికొచ్చి హుసేన్‌బీనే చెప్పె. రొమ్ములో గడ్డ. మాయమ్మకు ఎప్పుడో తెలుసునంట. నా తమ్మునికి పాలు మాన్పించినందుకు గట్టిపడిందిలే అనుకొని దాచిపెట్టుకొని ఉండె.

అప్పట్లో దాన్ని రాచపుండు అంటాండ్రి. ఆ పేరు చెప్తే మనిషి మీద ఆశ వదులుకున్నట్లే. మా నాయన విని, మగ్గం గుంటలో దిగి కూసునె గానీ ఆడ చప్పుడే లేదు. ఆస్పత్రి అంటే మాయమ్మ ససేమిరా అనె. మగ డాక్టరు ముందర రయిక తీసేదానికంటే పోయేదే మేలని గోడ తట్టు తిరిగి పండుకునె. హుసేన్‌బీ గాజుల బుట్ట మా ఇంట్లోనే పెట్టేసి, రైలెక్కి హిందూపురంలో వాళ్లక్క ఇంటికి పోయి అడిగి తెలుసుకోని వచ్చె. బెంగుళూరు పెద్దాస్పత్రిలో కోసే డాక్టరు ఆడమనిషేనంట. అయినా మాయమ్మ తిరగలేదు. అప్పుడు నాగమ్మక్క మంచం పక్కన కూసోని చెప్పిన మాట నాకిప్పటికీ చెవిలో ఉండాది.

“ఒమే, నువ్వు పోతే నీ బిడ్డకు జడెయ్యాల్సింది నేను. నాకు జడెయ్యను రాదు. అది కాకిగూడు నెత్తిన పెట్టుకొని వీధిలో తిరగతాది, నీ ఇష్టం.”

మాయమ్మ భుజాలు కదిలె. ఏడుస్తాందో నవ్వతాందో తెలీలేదు. కొంచేపటికి లేచి కూసోని, బండి ఎప్పుడని అడిగె.

నన్ను కూడా తీసుకోని పోయిరి. బండి నిండా సిపాయిలు. పెనుకొండ కొండ కిటికీలో నుంచి మా వెనకే నడిచొస్తాందేమో అనిపిస్తాండె. హిందూపురంలో దిగితే బజారంతా బెల్లం వాసన, చింతపండు వాసన, కన్నడం తెలుగు కలిసిన మాటలు. ఆ కాలంలో మేం వాళ్లింట్లో తినేది లేదు. హుసేన్‌బీ వాళ్లక్కకు అది తెలుసు. కొత్త కుండ, బియ్యం, కట్టెలు పెరట్లో పెట్టి, మీరే వండుకోండమ్మా అని పక్కకు పాయె. పసిబిడ్డకేం పట్టింపులే అని నన్ను మాత్రం ఆ ఇంట్లోనే వదిలి, ముగ్గురూ బెంగుళూరు పోయిరి.

కుడి రొమ్ము కోసేసినారు. తర్వాత ఆడనే పెట్టుకొని కరెంటు వైద్యం చేసిరి, చర్మమంతా కాలిన పెనం మాదిరి నల్లబడె. నాగమ్మక్క ఆడ ఉంటే హుసేన్‌బీ ఊరికొచ్చేది, హుసేన్‌బీ పోతే నాగమ్మక్క వచ్చేది. వచ్చినామె మా నాయనకు, తమ్మునికి ఇంత వండిపెట్టి, మాయమ్మ చుట్టాల్సిన పట్టు కూడా చుట్టేది. నాగమ్మక్క మొగుడు మగ్గం పని ఎవరు చేస్తారని గొణిగితే, నువ్వే చేస్తావని చెప్పి రైలెక్కె. వైద్యం అయిపోయి మాయమ్మను తీసుకోని తిరిగొచ్చేటప్పుడు హిందూపురంలో హుసేన్‌బీ వాళ్లక్క రాగిజావ కాచి గ్లాసు చేతికిస్తే, మాయమ్మ గటగటా తాగేసె. నాగమ్మక్క అది సూసి, నాకేదమ్మా అని చెయ్యి చాపె.

ఊర్లో మాత్రం ఇద్దరూ ప్రేమ కొద్దీ తప్పు చేసిరి. పచ్చిపట్టును మేం ఎట్ల సూసుకుంటామో మాయమ్మను అట్ల సూసుకునిరి. లాగితే తెగతాదని భయం. కుడిచెయ్యి గుడ్డతో ఒంటికి కట్టేసి, నీళ్ల చెంబు కూడా ఎత్తనియ్యలేదు. అన్నం కలిపి పెట్టిరి, తల దువ్విరి. మళ్లీ చూపించుకునేదానికి బెంగుళూరు పోయేసరికి ఆ చెయ్యి భుజం దగ్గర బిగిసిపోయి, పక్కకి తీస్తే కట్టె మాదిరి ఆగిపాయె. ఆడ నర్సమ్మ ఇద్దర్నీ నిలబెట్టి బాగా చీవాట్లు పెట్టెనంట, దినామూ చెయ్యి పైకెత్తించకపోతే ఇంగ ఎప్పటికీ ఎత్తలేదని. 

ఊరికొచ్చిన మర్నాడే నాగమ్మక్క మా పెరట్లో దండెంగా ఉండే వెదురుబొంగు తాళ్లు విప్పి, దాన్ని నడుమెత్తుకు దించి కట్టె. తడిపట్టు చిలపలు, అంటే పోగుల కట్టలు, మాయమ్మ చేతికిచ్చి, ఆరెయ్యి అనె. మాయమ్మకు కళ్లల్లో నీళ్లు, పంటి కింద కొంగు. అయినా ఆరేసె. పట్టు ఒక పక్కే ఆరకుండా మాటిమాటికీ తిప్పాల కదా, అదే వైద్యమాయె. దినామూ అదే పని. ఆ తడిపట్టు నీళ్లు మోచేతుల దాకా కారతాండె.

వానలు పోయి చలి వచ్చె. ఒక పొద్దు మాయమ్మ చిలప కింద పడేసి, దండెం కిందనే కూలబడి ఏడ్చె. ఆయమ్మ నోరు తెరిచి ఏడ్చేది నేను అదే మొదటిసారి సూసేది. “మొదటి దినం ఎంత నొప్పో ఈ పొద్దూ అంతే. ఈ చెయ్యి చచ్చిపోయింది. నన్ను వదిలెయ్యండి” అనె.

నాగమ్మక్క హుసేన్‌బీ మొగం సూసె. హుసేన్‌బీ నన్ను పిల్చి, “పాపా, ఆ దండెం పట్టుకో” అనె.

పోతి. చెయ్యి చాపితి. అందలేదు. మొదట్లో నేను గడ్డం ఆనించి ఊగిన వెదురే అది. మునికాళ్ల మీద లేస్తి, అందలేదు. ఎగిరితి, అయినా అందలేదు. మాయమ్మ ఏడుపు ఆపి నన్ను సూసె, వెదురును సూసె. అది ఆయమ్మ నెత్తి కంటే పైన ఉండె. ఆయమ్మ సూడనప్పుడు వాళ్లిద్దరూ తాడు ముడి కొంచెం కొంచెం పైకి జరపతానే ఉండ్రి. ఎప్పటికప్పుడు కొత్త ఎత్తే కాబట్టి నొప్పి తగ్గినట్లే తెలీలేదు.

“చచ్చిన చెయ్యేనా అంతెత్తు పోయింది?” అనె నాగమ్మక్క.

మాయమ్మ లేచి, పడేసిన చిలపకు మన్ను దులిపి, ఇద్దర్నీ మొండిముండలని తిట్టి, ఆ కుడిచేత్తోనే దాన్ని వెదురు మీదికి విసిరె. సరిగ్గా పడె.

ఆ తర్వాత మాయమ్మ నా పెండ్లి చేసె, తమ్మునికి చేసె, నా బిడ్డకు, అదే మీయమ్మకు, పురుడు పోసె. ఊర్లో యే ఆడమనిషన్నా గడ్డ దాచుకోని ఉండాదని తెలిస్తే, పోయి తలుపు వేసి, రయిక తీసి తన మచ్చ చూపించి, లెయ్, పోదాం అంటాండె. కనగానపల్లి నుంచి కూడా వెతుక్కోని వస్తాండ్రి. సిగ్గుతో గోడ తట్టు తిరిగిన మనిషేనా ఈమె అని నేను సూస్తా నిలబడేదాన్ని.

ఇప్పుడు మా వీధిలో పడుగు పరిచేదానికి యాడుంది చోటు, బండ్లు నిలబెట్టినారు. పట్టు సిద్ధంగా వస్తాది, మా పెరడు అంగడైపాయె. గాజుల బుట్టతో తలుపు తట్టేవాళ్లు లేరు. ముగ్గురూ పోయిరి, ఒకరి వెనక ఒకరు, అందరూ ముసలైపోయినాకనే.

పోయిన నెల మీయమ్మను రొమ్ము పరీక్షకు తీసుకోని పోతిమే, ఆ డాక్టరు మీ వంశంలో ఎవరికైనా ఉండాదా అని అడిగితే మీయమ్మ తల దించుకునె. నేను చెప్తి, మాయమ్మకు ఉండె, బాగై మనవరాండ్లను ఎత్తుకునే దాకా బతికింది అని. ఆయప్ప ఆశ్చర్యపోయి, ఆ కాలంలోనా, ఎవరమ్మా సూసింది అనె. కోసినాయమ్మ బెంగుళూరు డాక్టరమ్మ, ఆమె పేరు నాకు తెలీదు నాయనా అంటి. చెయ్యి లేపించింది మాత్రం ధర్మవరం నాగమ్మ, హుసేన్‌బీ. రాసుకో అంటి.